ఎండలో నిలబెట్టిన మిషన్

అమ్మా భానూ,

మొన్న మా ఆయన చేసిన పనికి నీ ముఖం చూడలేక ఈ ఉత్తరం రాస్తాండాను.

బట్లహళ్ళిలో మా టమోటా తోటలో నీ పరిశోధనకని గాలిని కొలిచే మిషన్ పెట్టినావు. "నైట్రస్ యాసిడ్ అనే ఆవిరి ఎండకు విరిగిపోవాల. అయినా మధ్యాహ్నం కూడా గాలిలో ఉండాది. యూరియా వేసిన నేలలోనించి వస్తాందేమో" అన్నావు. "మా యూరియా ఆపించేకి వచ్చినావా?" అని ఆయన మిషన్‌ను కిందికి తోసేసినాడు. వడ్డించిన అన్నం వదిలేసి నువ్వు వెళ్ళిపోతివి. నేను అడ్డం పోలేదు, అదే సిగ్గు.

"ఆ పాప మనమీద తప్పు మోపలేదు, కారణం వెతుకుతాండాది" అని రాత్రి నేను ఆయనకు చెప్తిని. ఈ పొద్దు తనే కంబం పాతి మిషన్‌ను మళ్ళీ నిలబెట్టినాడు. వైర్లు యాడ తగిలించాలో తెలీక దాని పక్కనే కూర్చోనుండాడు.

రామ్మా.

ఇట్లు,
తోటకాడి అక్క