వలలో పడిన తల్లి

శుక్రవారం, మైలవరం

ఫారెస్టోళ్లు డ్యాంలో నీటికుక్కల్ని మళ్లీ తెచ్చి వదిలినప్పట్నుంచి మా వలలు చినుగుతానే ఉండాయి, చేపలు తగ్గుతానే ఉండాయి. మా ఆయన వాటిని తిట్టని పూట లేదు. ఈ పొద్దు ఇద్దరం వల లాగితే అందులో నీటికుక్క ఒకటి ఊపిరాడక చచ్చి ఉంది. చిక్కు విప్పుతా విప్పుతా ఆయన ఆగిపోయినాడు.

"పాలిచ్చే తల్లి మే ఇది," అన్నాడు.

జమ్ముగడ్డిలో దాని పిల్లలు కీచుమంటాండాయి. ప్రొద్దుటూరు మార్కెట్టుకని పట్టిన చేపలన్నీ ఆ గడ్డి పక్కనే పోసేసినాడు.

"మన పిల్లోళ్లకేం పెడదాం మామా?" అన్యా.

ఇంటికొచ్చి వల అటకెక్కించినాడు. రేపట్నుంచి చిలమకూరులో సిమెంటు మూటలు మోస్తాడంట. నీళ్ల పని తప్ప ఇంకోటి ఎరగని మనిషి. అన్నం కూడా ముట్టలేదు.

గడ్డిలోని ఆ పిల్లలకు చేపలు పట్టేది ఎవరు నేర్పుతారో...