మీటరు లేని బోరు

చిరంజీవి తమ్ముడు లింగస్వామిని అన్న మల్లప్ప దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను, జీవాలు అందరం బాగున్నాం. బాగాలేని సంగతి ఒకటి ఉంది. ఫోన్లో నోటికి రాలేదు, అందుకే కాగితం తీశాను.

ఊరికొస్తున్న ఐలేశం చేతికి నువ్విచ్చిన కంటి చుక్కలు, నీ ఉత్తరం అందాయి. అమ్మకు ఎడమ కన్ను కొంచెం తేటపడింది. సోమవారం నల్గొండ దవాఖానలో మళ్ళీ చూపిస్తాను. రెండు గొర్రెలు ఈనాయి.

మీ బొగ్గు ప్లాంటు గురించి రాసింది అమ్మకు రెండుసార్లు చదివాను. నీళ్ళు కాచి ఆవిరి చెయ్యడం, ఆ ఆవిరిని చల్లార్చడానికి మళ్ళీ నీళ్ళు, పెద్ద గోపురాల మీంచి లేచే తెల్లది పొగ కాదు, ఏటి నీళ్ళే అన్నావు. గంటకు మూడు వందల ట్యాంకర్లంటే అమ్మ నమ్మలేదు. "గన్ని నీళ్ళు తాగుతదా? మన బర్రె నయం" అంది.

మన ఊరి సోలార్ ప్లాంటు ఎన్ని తాగుతుంది, ఈదమ్మ బోరు పంచాయితీ ఎంతదాకా వచ్చింది అని అడిగావు. ఆ అద్దాలు నీళ్ళు తాగవు. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని నెలకు రెండుసార్లు కడుగుతారు. ఎండ ముదరకముందే ఆరుగురు ఆడవాళ్ళు పైపులు పట్టుకుని దిగుతారు. వాళ్ళలో ఈదమ్మ కోడలు నిరోష ఒకతె. కంచె లోపలి బోరు నుంచి నెలకు పదహారు ట్యాంకర్లు తోడతారు. ఆ బోరుకు నీళ్ళ మీటరు ఉంది.

ఈదమ్మ చేను మన చేనుకూ ఆ కంచెకూ నడుమనే కదా. ఆమె బోరు ఎండి వంకాయతోట వాడిపోతుంటే ఊరంతా కంపెనీ మీద పడింది. పంచాయితీలో వార్డు మెంబరు గుర్వయ్య లేచి, "అద్దాలకు తలంట్లు, మన చేన్లకు సుక్క లేదు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "నెలకు రెండుసార్లే మామా, మీటరు సూసుకోరి" అని నిరోష అంటే, "జీతం తినే నోరు గట్లనే అంటది" అని కూర్చోబెట్టారు. కంపెనీ బోరుకు తాళం వేశారు. ఆరుగురికీ పని ఆగిపోయింది.

మర్నాడు ఎందుకో మన మోటరు కింద డ్రమ్ము పెట్టి చూశాను. నిమిషంలో నిండింది. అట్లాంటివి ఇరవై అయిదు కలిస్తే ఒక ట్యాంకరు. వాళ్ళ నెల కడుగుడు మన మోటరుకు ఏడు గంటల పని. దసరాకు నువ్వు ఆటో స్టార్టరు బిగించినప్పటి నుంచి, కరెంటు ఉన్నంతసేపు అది తనంతట తానే నడుస్తోంది. మడి నిండి నీళ్ళు బాట మీదికి పారేవి. రోజూ దాటుకుంటూ పోయాను. మనకు మీటరు లేదు.

తమ్ముడూ, ఇది తెలిసి కూడా పది రోజులు నోరు మెదపలేదు. పదకొండో రోజు ఈదమ్మ దగ్గరికి పోయాను. ఎండిన వంకాయ మొక్కలు పీకుతోంది.

"అక్కా, నీ నీళ్ళు గుంజింది కంపెనీ కాదు, నా మోటరు."

ఆమె తలెత్తలేదు. "ఎరికే. ఆ సప్పుడు నాకు ఇనబడదా?"

"మరి పంచాయితీల ఎందుకు చెప్పలే?"

"కంపెనీనంటే ఒక బోరన్న ఏసిస్తరనుకున్న. నిన్నంటే ఏమొస్తది? మాటలు బందయితయి, గంతే."

అటే గుర్వయ్య ఇంటికి పోయి నలుగురి ముందు చెప్పాను. "గింత సత్తెమంతునివి, పది దినాలు యాడున్నవయ్యా?" అన్నాడు. తాళం తీశారు. నిరోష పనికి పోతోంది, నాతో మాత్రం మాట్లాడడం లేదు.

ఆటో స్టార్టరు విప్పేశాను. నువ్వు ప్రేమతో బిగించింది, కోపం తెచ్చుకోకు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. రెండు మళ్ళు ఎండబెట్టి, మన బోరు నుంచి ఈదమ్మ తోటకు పైపు వేశాను. ఆమె బోరులో ఇంకా నీళ్ళు ఊరలేదు, ఊరుతాయో లేదో తెలియదు. పొద్దున్నే నేనే నడిచిపోయి మోటరు వేస్తున్నాను. ముందు ఆమె పైపు, తర్వాత మన మడి. రెండూ తడిసేదాకా గట్టు మీద కూర్చుని, నా చేత్తోనే బంద్ చేసి వస్తున్నాను.

ఇట్లు,
నీ అన్న
మల్లప్ప