ఆసుపత్రి బస్సులో అరవై మందే ఎక్కినట్లు చూపిన పట్టిక

మహారాజశ్రీ బస్సు డిపో మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వచ్చే సోమవారం నుంచి ఆసుపత్రి బస్సును రద్దు చేయుటకు ఆధారమైన పివట్ టేబుల్‌ను, అనగా డిపో కంప్యూటరు తీసిన మొత్తాల పట్టికను, పునఃపరిశీలించుట గురించి.

నేను గిడ్డంగిలో సరుకు లెక్కలు చూచు గుమాస్తాను. మా అక్కను రోజు విడిచి రోజు డయాలసిస్‌కు ఆ బస్సులోనే తీసుకుపోవుదును. ఆ దారిన మరో బస్సు లేదు.

1. డిపో గోడకు అంటించిన పట్టిక ప్రకారం మా బస్సులో నెలంతటికీ ఎక్కినది అరవై మంది. ఆ నెలలో బస్సు తిరిగినదీ అరవై ట్రిప్పులే. అనగా ట్రిప్పుకు ఒక్కరు. ఆ ఒక్కరు మా అక్క అయినచో, నా కాళ్ళు తొక్కిన మిగతావారెవరో తమరే తెలుపగలరు.

2. పట్టిక శీర్షికలో 'కౌంట్' అని ఉన్నది. కంప్యూటరు మనుషులను కూడలేదు, ట్రిప్పులను లెక్కపెట్టినది. అందువల్లనే రోజుకు ఇరవైసార్లు ఖాళీగా తిరిగే ఆఫీసర్ల కాలనీ బస్సు ఆరువందల మందితో ప్రథమ స్థానమున వెలుగుచున్నది.

3. కారణం విచారించితిని. అంకెలుండవలసిన గడుల్లో ఒక్కచోట మాటలున్నా చాలు, ఆ టేబుల్ కూడిక మాని తనంతట తాను లెక్కింపుకు దిగును. మా కండక్టరమ్మ ఒకనాడు ప్రయాణికుల సంఖ్య వ్రాయవలసిన చోట 'ఊపిరాడలేదు' అని వ్రాసినది. డిపోలో దానిని ఉన్నదున్నట్లు ఎక్కించినారు. అడుగగా ఆమె వాంగ్మూలం: "నా సీటు మీ అక్కకిచ్చి నేను మెట్టు మీద వేలాడుతున్నా అన్నయ్యగారూ! వాళ్ళ తలలు లెక్కపెట్టనా, నా తల కాపాడుకోనా?" కావున ఆమెకు మెమో ఇవ్వరాదు. ఆ సీటులో కూర్చున్నది మావాళ్ళే.

4. ఈ సంగతి తమ సెక్షను గుమాస్తా గారికి విన్నవించగా, "టేబుల్లో లేరంటే బస్సులో లేరనేనండీ" అన్నారు. పక్కనే ఉన్న మా అక్క, "అయితే ఆ టేబుల్నే మా వీధికి పంపించు బాబూ, ఎక్కి వెళ్తాను" అన్నది. ఈ సూచనను పరిగణింపనక్కరలేదు.

5. కోరునది: 'కౌంట్' తీసి 'సమ్', అనగా కూడిక, ఎంచుకొనవలెను. అర నిమిషం పని. ఊపిరాడని ఆ ట్రిప్పు అప్పుడు సున్నా అగును. అందుకు మాకు అభ్యంతరం లేదు, మిగిలినవి చాలు.

పట్టికను సరిచేసి, రద్దు ఉత్తర్వును ఉపసంహరించి, ఆ మీదట ఈ మొరను తీరికగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ సున్నాలోని ఒకడు

తా.క.: సోమవారమే అక్కకు డయాలసిస్. వెళ్ళేటప్పుడు ఏదో ఒక బండి కోసం ఎలాగో నిలబడుతుంది. వచ్చేటప్పుడు నిలబడే ఓపిక ఉండదు. సమ్ నొక్కండి సార్. మీ గది బయట అటూ ఇటూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు నాదే.