చమురు పడితే

మార్చి 3

ఆయన ఫోన్ చేశారు. చమురు కోసం తవ్వుతున్న బావి సున్నపురాయి దాకా దిగిందట. కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేదట. గవ్వలూ పురుగుల గూళ్లూ పేరుకుని రాయయ్యాయట. తిన్నారా అని అడగబోయేలోపు లైన్ కట్టయింది.

చమురు పడితే ఇంకో మూడేళ్లు అక్కడే. క్యాంపులోకి కుటుంబాల్ని రానివ్వరు. పడకపోతే ప్రాజెక్టు మూసేసి ఆయన్ని ఇక్కడి ఆఫీసుకి పంపేస్తారు. అప్పుడు రోజూ సాయంత్రం ఇంటికొస్తారు.

మార్చి 4, ఉదయం

దేవుడి ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక లేచొచ్చేశాను.

మార్చి 9

ఆడపడుచు వచ్చింది. మా అన్నయ్యకి నీకన్నా ఆ రాళ్ల మీదే మోజెక్కువ వదినా అని ఏడిపించింది. నవ్వాను. తను వెళ్లాక, ఉతికి మడతపెట్టిన ఆయన చొక్కా తీసి మళ్లీ ఉతికాను.

మార్చి 12

బావి అడుగు నుంచి కోర్ అని రాతి ముక్క బయటికి తీశారట. చెయ్యంత లావు రాయి, ఒళ్లంతా రంధ్రాలేనట. ముక్కు దగ్గర పెట్టుకుంటే చమురు వాసనేనట. కానీ పారదట. రంధ్రాలున్నాయి గానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేదట. తలుపుల్లేని గదులనుకో అన్నారు.

పై ఇంజనీరు ఇక మూసేద్దామన్నాడట. యాసిడ్ పోస్తే అది సున్నపురాయిని తినేసి దారులు చేస్తుందని చెప్పి, బతిమాలి, ఈయన వారం గడువు తెచ్చుకున్నారట. ఆయన ఒకరిని బతిమాలారని వినడం నాకిదే మొదలు.

ఫోన్ పెట్టేశాక నాకు సంతోషం వేసింది. పారదన్నారుగా, వచ్చేస్తారని. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

మార్చి 15

ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పాను. వెలుతురు బాగుంటుందని. కాసేపటికి ఎందుకులే అని మళ్లీ గోడ వైపు జరిపేశాను.

మార్చి 18, మధ్యాహ్నం రెండు

క్యాంపుకి ఫోన్ చేస్తే అక్కడి వంటాయన ఎత్తాడు. యాసిడ్ పోస్తున్నారట. సారు నిన్నటి నుంచీ మెతుకు ముట్టలేదు, బావి దగ్గర్నుంచి కదలడం లేదు, మీరైనా చెప్పండమ్మా అన్నాడు.

ఏం చెప్పను? దేవుడి ముందుకెళ్లాను. పడాలి స్వామీ అన్నాను. మనసులో కాదు, పైకే అన్నాను. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మార్చి 20

పడిందట.

ఏమని మొక్కుకున్నావని నవ్వుతూ అడిగారు. మీరు ఇంటికొచ్చెయ్యాలని, అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.