సొరంగం బయట ఆగిపోయాను

1978, ఆదివారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. మానుకోటలో రైలు దిగి, గుట్టల్లో బొగ్గు బండ్ల కోసం తవ్విన పాత రైలు సొరంగానికి అన్నతో వెళ్ళాను. అది తవ్వేటప్పుడు రాళ్ల గంప మోస్తూ అవ్వ చెల్లెలు బండ కింద నలిగి చనిపోయింది. ఎడమ గోడ పక్కనున్న ఆ నల్లబండకు పసుపు పెట్టి రమ్మని, మంచం పట్టిన అవ్వ నన్నే పంపింది.

కాపలా ముసలాయన నాకు అడ్డం వచ్చాడు.

"ఆడోళ్లు లోపలికి పోవద్దు బిడ్డా. మీరు అడుగు పెడితే కప్పు కూలుతది."

"గప్పుడు రాళ్లు మోసింది మా అవ్వలే గదా తాతా?"

"గప్పుడు కూలికొచ్చిండ్రు. నువ్వు చూడనీకి వచ్చినవ్."

అన్న నవ్వాడు. "జర ఊకో చెల్లె, నేను పెట్టొస్త." పసుపు పొట్లం లాక్కుని వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "అంత చీకటి. మొదట్లనే చల్లిన. ఏ బండైతేంది?"

ఇంటికి రాగానే అవ్వ నా చేయి పట్టుకుంది. "పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన" అన్నాను.

నా వేళ్లు ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. చేయి వదిలేసి అటు తిరిగి పడుకుంది.

అన్నను తిట్టుకుంటూ కూర్చున్నాను గానీ, ఆ ముసలాయన్ని పక్కకు జరిపి నేనెందుకు పోలేదు? కూలుతుందేమోనని నేనూ భయపడ్డానా...