లక్ష్మమ్మ చుట్టలు

1947, వ్యయ సంవత్సర మాఘమాసం, గురువారం. మేడ్చల్.

ఈ రోజు సికింద్రాబాదు ఆసుపత్రిలో నేను అబద్ధమాడాను. ముప్పైయేళ్లు బడిలో పిల్లలకు సత్యం బోధించినవాణ్ణి.

నా భార్య లక్ష్మమ్మకు గడ్డ లేచిన రొమ్మును తీసివేసి, ఆ చోట తొడ చర్మాన్ని అతికిస్తామని డాక్టరమ్మ చెప్పింది. చక్కెర జబ్బు గాని, పొగాకు అలవాటు గాని ఉంటే ఆ చర్మం అంటుకోక కుళ్లిపోయే ప్రమాదముందట. చక్కెర లేదని పరీక్షలో తేలింది. పొగాకు సంగతి అడిగినప్పుడు, "మాది బడిపంతులు ఇల్లమ్మా" అన్నాను.

లక్ష్మమ్మ నా వైపు ఒకసారి చూసి, "దినాం మూడు చుట్టలు తాగుత, బిడ్డా" అని డాక్టరమ్మకు చెప్పేసింది. మూడు వారాలు పూర్తిగా మానితేనే కోత పెడతామన్నారు.

తిరుగు రైలులో నేను తల ఎత్తలేదు. "రొమ్ము పోతదంటె ఏడ్చినవ్. చుట్ట తాగుతనంటె ఇజ్జత్ పోతదని బుగులైందా, పంతులు?" అన్నది నవ్వుతూ. ప్రతివారం శామీర్‌పేట సంతలో ఆ చుట్టలు కొని, పుస్తకాల సంచి అడుగున దాచి తెచ్చినవాణ్ణి నేనే.

సాయంత్రం మిగిలినవన్నీ పెంటకుప్పలో పడవేశాను. ఆమె అరుగు మీద కూర్చున్నది. వేళ్లు ఊరకే కదులుతున్నాయి. చూడలేక, నా పాత పెట్టెలోని బలపం ఒకటి తెచ్చి ఆ వేళ్ల మధ్య ఉంచాను. పెదవులకు ఆనించి, కళ్లు మూసుకొని, ఒక దమ్ము పీల్చింది.

"అగ్గి అంటుకుంటలేదు" అన్నది.

ఇంకా ఇరవై రోజులు. పెట్టెలో బలపాలు చాలా ఉన్నవి.