రెండు వేళ్ళ గుడ్డ

ఫిబ్రవరి 3

ఇది నా కొలతల పుస్తకం. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయని ఇందులోనే రాస్తున్నాను. నేను చదివింది ఐదో క్లాసు. తప్పులుంటే ఉంటాయి, చూసేవాళ్ళెవరు.

నిన్న రిజిస్టర్ ఆఫీసులో పిల్లకి పెళ్ళి చేశాను. పిల్ల అంటే నా కోడలు. నా కొడుకు వానలో బండి మీద నుంచి పడి చనిపోయాడు, రెండేళ్ళు దాటింది. అప్పటినుంచి మేమిద్దరమే. ఈ ఉత్తరాది ఊళ్ళో ఒక గది, ఒక కుట్టుమిషను. బడి పిల్లల యూనిఫారాలు కుడతాం. ఎవరికి కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ అదనంగా వదులుతాను. పిల్లలు పెరుగుతారు గదా. ఇప్పుడు నా చెయ్యి చెప్పకుండానే వదిలేస్తుంది.

ఈ పెళ్ళికి నేనే వెంటపడి ఒప్పించాను. పెళ్ళికొడుకు మా వీధి చివర బేకరీ అతను. లావుగా ఉంటాడు, నెమ్మదైనవాడు. సాక్షి సంతకం నేనే పెట్టాను.

ఇంటికొచ్చి అలవాటుగా రెండు కప్పుల టీ పెట్టాను. రెండోది కూడా నేనే తాగాను.

ఫిబ్రవరి 5

ఇద్దరూ వచ్చారు. ఆదివారం మంచు కొండల మీదకి టూర్ బస్సు ఉందట. కొత్త జంటల స్పెషల్. పొద్దున వెళ్ళి రాత్రికి రావడం. నన్నూ రమ్మన్నారు. హనీమూన్‌కి నేనెందుకు, నలుగురూ నవ్విపోతారు అన్నాను. మీరు రాకపోతే నేనూ వెళ్ళనని పిల్ల మూతి ముడుచుకుంది. బేకరీ అతను అప్పటికే మూడు టికెట్లు తీసేశాడు.

ఒకటి గమనించాను. అతను నన్ను ఏమనీ పిలవడు. ఇదిగోండి, ఏమండీ అంటూ సరిపెడతాడు. అతని తప్పేముంది. పెళ్ళాం మొదటి మొగుడి తల్లి తనకేమవుతుందో అతనికి ఎవరు చెప్తారు? అతనికి నేను ఏమీ కాకపోతే, నాలుగు రోజులు పోయాక పిల్లకి మాత్రం ఏమవుతాను?

అదే ఆలోచిస్తూ ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను.

ఫిబ్రవరి 7

వెళ్ళను.

ఫిబ్రవరి 8, తెల్లవారుజాము నాలుగున్నర

వెళ్తున్నాను. చలిబట్టలు తెచ్చుకోమన్నారు. శాలువా తీసుకున్నాను. పెట్టెలోంచి నా కొడుకు ఉన్ని కోటు కూడా తీసి సంచిలో పెట్టాను. నేనే కుట్టిన కోటు. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

పొద్దున ఏడు గంటలు, బస్సులో

అక్షరాలు గెంతుతున్నాయి. పద్నాలుగు జంటలు, నేను. గైడ్ మెడలో విజిల్ ఉంది. లిస్టు చదువుతూ పాప ఏది, పాప ఏది అని సీట్ల కిందకి కూడా వంగి చూశాడు. ఫారంలో జంట, పిల్లలు అని రెండే గళ్ళు ఉన్నాయట. బేకరీ అతను నన్ను పిల్లల గడిలో వేశాడు. నేనేనయ్యా పాపని అన్నాను. బస్సంతా గొల్లున నవ్వింది. గైడ్ నా చేతిలో బెలూను, బిస్కెట్ పాకెట్, ఎర్ర టోపీ పెట్టాడు. టోపీ నెత్తికి పట్టలేదు. వెనక కుట్టు కాస్త విప్పాను, పట్టింది.

గైడ్ పక్కనే నా సీటు. మలుపులు మొదలయ్యేసరికి ముందు అతనికే తల తిరిగింది. నా నిమ్మకాయ ఇచ్చాను. ఆరేళ్ళ నుంచి ఇదే ఉద్యోగమట.

బేకరీ అతను పొట్టి చేతుల చొక్కాతో వచ్చాడు. తనకి చలి తెలియదట. ఇరవై ఏళ్ళుగా పొయ్యి ముందు నిలబడేవాడికి ఎలా తెలుస్తుంది.

ఫిబ్రవరి 9

ఒళ్ళంతా నొప్పులు. అయినా అంతా రాసేయాలి.

పైన మంచు. ఎటు చూసినా పరిచిన కొత్త గుడ్డ తాను లాగా తెలుపు. బస్సు దిగీ దిగగానే గాలి చెంప మీద కొట్టింది. బేకరీ అతను బావుంది, బావుంది అంటూనే ఉన్నాడు, పళ్ళు మాత్రం టకటకమంటున్నాయి. పెదవులు నీలంగా అయ్యాయి. పిల్ల తన స్వెట్టర్ తీయబోతే వద్దన్నాడు. టీకొట్టులోకి తీసుకెళ్ళి పొయ్యి పక్కన కూర్చోబెట్టాం. వణుకు ఆగలేదు.

నేను సంచిలోంచి కోటు తీశాను.

పిల్ల చూసింది. కదల్లేదు. ఆ కోటు చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు నడిచిందో దానికే తెలుసు. అతను మా ఇద్దరి ముఖాలూ చూసి, ఎవరిదో అర్థమై, నాకొద్దండి అన్నాడు. ముందు వేసుకో, తర్వాత మాట్లాడు అన్నాను. భుజాలు ఎలాగో దూరాయి. ముందు మాత్రం జానెడు ఎడం. గుండీలు ఆ చివర, కాజాలు ఈ చివర. ఎవరో కిసుక్కున నవ్వారు. అతను సిగ్గుపడి విప్పబోయాడు.

అప్పుడు నా వేళ్ళు పక్క కుట్టు తడిమాయి. లోపల గుడ్డ ఉంది. రెండు పక్కలా, వీపులో కూడా. ఇరవై ఆరేళ్ళ కొడుక్కి కుట్టేటప్పుడు కూడా నా చెయ్యి ఊరుకోలేదు.

కత్తెర, సూది నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. టీ బల్ల మీదే కోటు తిరగేశాను. మొదటి కుట్టు తెంపడానికి కత్తెర రెండుసార్లు పెట్టి తీశాను. రెండోది తెంపేసరికి మామూలు పని అయిపోయింది. పిల్ల వచ్చి రెండో సూదికి దారం ఎక్కించింది. నేనొక పక్క, అదొక పక్క. గైడ్ విజిల్ వేశాడు. ఒక పెళ్ళికూతురు ఆ విజిల్ లాక్కుంది. బస్సంతా మా చుట్టూ టీ తాగుతూ నిలబడింది.

వేసుకున్నాడు. గుండీలు పట్టాయి. మధ్య గుండీని కాస్త బతిమాలాల్సి వచ్చింది.

అతను కోటు అంచు తిప్పి, పాత కుట్ల గుర్తులు వేలితో తడుముతూ అడిగాడు.

"అత్తయ్యా, లోపల ఇంత గుడ్డ ఎందుకు వదిలారు?"

"పెరుగుతాడని."

అంతే అన్నాను. పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే, "ఈయన పెరగడం అప్పుడే అయిపోయింది కదత్తయ్యా" అంది. ముందు నేనే నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. అతను కూడా నవ్వబోయి గుండీ కోసం ఆపుకున్నాడు.

అతను నన్ను ఏమని పిలిచాడో నవ్వు ఆగాక తెలిసింది.

పిల్లల టికెట్‌తో మంచు మీద జారుడు బండి ఒకసారి ఉచితమట. గైడ్ వచ్చి, పాపా పద అన్నాడు. ఎర్ర టోపీ, బెలూను, నేను. కొండ మీద నుంచి జర్రున జారాను. చచ్చానురా దేవుడా అని అరిచాను. కింద ఆగాక, ఇంకోసారి జారతాను అన్నాను. నా కొడుకు ఉంటే ఫోటో తీసి వీధంతా చూపించేవాడు. అల్లుడు తీశాడు.

తిరిగొచ్చేటప్పుడు పిల్ల మొగుడి భుజం వదిలేసి నా పక్కకొచ్చి, నా భుజం మీద నిద్రపోయింది. నేను లేపలేదు. అల్లుడూ లేపలేదు.

ఫిబ్రవరి 16

ఇది నా కొడుకు పేజీలో రాస్తున్నాను. వాడి కొలతల కింద సగం ఖాళీగా ఉంది.

అల్లుడు. కొత్త కోటు. ఛాతీ నలభై నాలుగు. చెయ్యి ఇరవై నాలుగు. పొట్ట రాయొద్దన్నాడు. నలభై ఆరు.

లోపల రెండు వేళ్ళు.